ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె

ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె (1828 మే 22 - 1870 జూలై 20) సుప్రసిద్ధ జర్మన్ నేత్రవైద్యుడు. ఆధునిక నేత్రవైద్యశాస్త్రానికి పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడు. అంతవరకు చికిత్స లేదని వైద్యులందరూ చేతులెత్తేసిన నీటికాసుల వ్యాధికి (గ్లాకోమా) తొలిసారిగా ఫలప్రదమైన శస్త్రచికిత్సను కనుగొన్నాడు. శుక్లాల శస్త్రచికిత్సను సంస్కరించాడు. శస్త్రవైద్యంలో ఒక చిన్న భాగంగా ఉండిన కంటివైద్యం స్వతంత్ర శాస్త్రంగా నిలదొక్కుకోవడానికి కారకుడయ్యాడు. ఇంత పనీ చేసి, క్షయవ్యాధి వాత పడి నలభై రెండేళ్ల వయసులోనే మరణించాడు.

కుటుంబ నేపథ్యం

ఆల్బ్రెక్ట్ ప్రష్యా రాజధాని బెర్లిన్‌లో జన్మించాడు. తండ్రి కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రేఫె (1787-1840) ఆ కాలంలో ఐరోపా అంతటా పేరుపొందిన శస్త్రవైద్యుడు. నెపోలియన్ యుద్ధకాలంలో ప్రష్యా సైనిక వైద్యశాలలను నిర్వహించాడు. 1810లో నూతనంగా ఏర్పడిన బెర్లిన్ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్య ఆచార్యుడయ్యాడు.

ఈ తండ్రిని గురించి భారతీయ పాఠకులు తెలుసుకోదగిన విశేషం ఒకటి ఉంది. తెగిపోయిన ముక్కును నుదుటి చర్మంతో తిరిగి నిర్మించే పద్ధతి మన దేశంలో సుశ్రుతుని సంప్రదాయానికి చెందినది. పద్దెనిమిదవ శతాబ్దం చివర పుణె ప్రాంతంలో జరిగిన అటువంటి చికిత్స వర్ణన 1794లో లండన్ పత్రికలో అచ్చయిన తరువాత ఐరోపా వైద్యుల దృష్టి దానిమీద పడింది. కార్ల్ ఫెర్డినాండ్ 1818లో ముక్కు పునర్నిర్మాణంపై ప్రకటించిన గ్రంథంలో భారతీయ పద్ధతిని, ఇటలీ పద్ధతిని, తాను మార్పులు చేసిన జర్మన్ పద్ధతిని వేరువేరుగా వివరించాడు. వైద్యశాస్త్రంలో నేటికీ వాడుకలో ఉన్న 'రైనోప్లాస్టీ' అనే పేరు స్థిరపడినది ఈ గ్రంథంతోనే.

కార్ల్ ఫెర్డినాండ్ కంటి శస్త్రచికిత్సలు కూడా చేసేవాడు. ఆ రోజుల్లో కంటివైద్యం శస్త్రవైద్యుల పనిలో ఒక భాగమే. చూపు కోల్పోయిన హనోవర్ యువరాజుకు శస్త్రచికిత్స చేయడానికి వెళ్లి, 1840లో ఆయన హనోవర్‌లోనే ఆకస్మికంగా మరణించాడు. అప్పటికి ఆల్బ్రెక్ట్‌కు పన్నెండేళ్లు.

విద్యాభ్యాసం

ఆల్బ్రెక్ట్ బెర్లిన్‌లోని ఫ్రెంచి ఉన్నత పాఠశాలలో చదివాడు. బాల్యంలో గణితంపై మక్కువ ఎక్కువ. క్రమంగా ప్రకృతిశాస్త్రాల వైపు, అక్కడినుండి వైద్యం వైపు మొగ్గాడు. పదిహేనేళ్లకే విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. అప్పుడు బెర్లిన్‌లో శరీరధర్మశాస్త్రం బోధిస్తున్నవాడు యోహానెస్ ముల్లర్. రోగలక్షణాలను వర్ణించి ఊరుకోక, వాటి వెనుక దేహంలో ఏమి జరుగుతున్నదో వెతకాలని నేర్పిన గురువు ఆయన. 1847లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఆల్బ్రెక్ట్ వైద్యపట్టా పుచ్చుకున్నాడు. ఆయన సిద్ధాంతవ్యాసం బ్రోమిన్ అనే మూలకం గురించి. కంటికి దానితో ఏ సంబంధమూ లేదు.

తరువాత మూడేళ్లకు పైగా ఆయన ఐరోపా నగరాలలో పర్యటించాడు. మొదట ప్రాగ్ నగరం చేరాడు. అక్కడి ఫెర్డినాండ్ ఆర్ల్ట్ కంటివైద్యంలో గొప్ప అధ్యాపకుడు. నేత్రవైద్యాన్నే జీవితవృత్తిగా స్వీకరించాలన్న నిర్ణయం ఆల్బ్రెక్ట్‌కు ఆర్ల్ట్ సాంగత్యంలో కలిగింది. పిమ్మట పారిస్‌లో సిషెల్, డెమార్‌ల వైద్యశాలలలోను, వియన్నాలో యేగర్ తండ్రీకొడుకుల వద్దను పనిచేశాడు. లండన్‌లో విలియం బౌమన్, జార్జ్ క్రిచెట్‌లతో పరిచయమైంది. హాలెండుకు చెందిన ఫ్రాన్సిస్ డాండర్స్ కూడా ఆ దినాలలోనే లండన్ వచ్చాడు. గ్రేఫె, బౌమన్, డాండర్స్‌ల మధ్య అక్కడ మొదలైన స్నేహం గ్రేఫె మరణం దాకా చెక్కుచెదరలేదు. దేశాలు వేరైనా, భాషలు వేరైనా, ఒకరు కనుగొన్నది మరొకరు వెంటనే పరీక్షించి చూసేవారు. నేత్రవైద్య చరిత్రకారులు ఈ ముగ్గురినీ కలిపే ప్రస్తావిస్తారు.

నేత్రదర్శిని

గ్రేఫె కృషి అర్థం కావాలంటే ఆ సమయానికి కంటివైద్యం ఏ స్థితిలో ఉన్నదో తెలియాలి. వైద్యుడు రోగి కంటిని ఎంత పరిశీలించినా కంటిపాప దగ్గర ఆగిపోవలసిందే. పాప నల్లగా కనిపిస్తుంది, దాని వెనుక ఏమున్నదో కనిపించదు. బయటికి కన్ను బాగానే ఉండి చూపు మాత్రం పోయిన రోగులందరినీ ఒకే పేరు కింద జమకట్టి పంపివేసేవారు. వైద్యుడికీ ఏమీ కనబడదు, రోగికీ ఏమీ కనబడదు అని ఆనాటి వైద్యులే హాస్యమాడుకునే పరిస్థితి.

కోనిగ్స్‌బర్గ్‌లో ఆచార్యుడైన హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1850 చివర విద్యార్థులకు పాఠం చెప్పే సందర్భంలో ఒక పరికరం ఆలోచించాడు. పక్కనున్న దీపపు వెలుతురును ఒక గాజుపలక ద్వారా రోగి కంటిలోకి మళ్లించి, ఆ పలక గుండానే చూస్తే, లోపలినుండి తిరిగివచ్చే వెలుగు పరిశీలకుని కంటికి చేరుతుంది. పాప నల్లదనం మాయమై కంటి అడుగున ఉన్న రెటీనా, దాని రక్తనాళాలు, నేత్రనాడి మొదలు కనిపిస్తాయి. ఇదే నేత్రదర్శిని (ఆఫ్తాల్మోస్కోపు). 1851లో హెల్మ్‌హోల్ట్జ్ దీనిని ప్రకటించాడు. ఆయన భౌతికశాస్త్రంలోను, శరీరధర్మశాస్త్రంలోను నిష్ణాతుడేగాని రోగులను చూసే వైద్యుడు కాడు. ఆ పరికరాన్ని రోజూ రోగుల కళ్లకు పెట్టి, ఏ వ్యాధిలో లోపల ఏమి కనబడుతుందో సంవత్సరాల తరబడి నమోదు చేసినవారిలో ప్రథముడు గ్రేఫె.

బెర్లిన్ వైద్యశాల

చదువు ముగించుకొని బెర్లిన్ తిరిగివచ్చిన గ్రేఫె కంటివైద్యునిగా ప్రాక్టీసు ప్రారంభించాడు. పేదలకు రుసుము లేదు. త్వరలోనే కార్ల్‌స్ట్రాసె వీధిలో స్వంత నేత్రవైద్యశాలను నెలకొల్పాడు. అప్పటికాయన వయసు ఇరవైనాలుగు సంవత్సరాలకు మించదు. తండ్రి పేరు తోడ్పడిందనే చెప్పాలి, అయితే రోగులను నిలిపినది కుమారుని పనితనమే. కొద్దికాలానికే జర్మన్ రాజ్యాలనుండే గాక రష్యా తదితర దేశాలనుండి కూడా రోగులు రాసాగారు. ధనికులు ఇచ్చే రుసుముతో పేదల చికిత్స సాగేది. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో తరువాత వెలసిన అనేక కంటి ఆసుపత్రులకు ఈ వైద్యశాలే నమూనా అయింది.

వైద్యం జరిగేచోటే బోధన, పరిశోధన కూడా జరిగేవి. దేశవిదేశాల యువవైద్యులు గ్రేఫె పక్కన నిలబడి ఆయన రోగులను పరీక్షించే తీరు చూసి నేర్చుకునేవారు.

1854లో గ్రేఫె నేత్రవైద్యానికి ప్రత్యేకంగా ఒక పత్రికను స్థాపించాడు. మొదటి సంపుటంలో అధికభాగం ఆయన స్వయంగా వ్రాసినదే. తరువాత డాండర్స్, ఆర్ల్ట్ సంపాదకులుగా వచ్చి చేరారు. ఆ పత్రిక గ్రేఫె పేరుతోనే నేటికీ వెలువడుతున్నది. మెల్లకన్ను, కంటి కండరాల పక్షవాతం, రెటీనా ఊడిపోవడం, దృష్టిక్షేత్రంలో లోపాలు, ఇలా ఆయన స్పృశించని విషయం దాదాపు లేదు. వీటిలో దృష్టిక్షేత్ర పరీక్ష చాలా ముఖ్యమైనది. రోగి ఒక బిందువు మీద చూపు నిలిపి ఉండగా, చుట్టుపక్కల ఎంతమేర కనబడుతున్నదో పలకమీద గుర్తించే పద్ధతిని ఆయన నిత్యవైద్యంలోకి తెచ్చాడు. ఎదుటి అక్షరాలు చదవగలిగినవాడికి కూడా పక్కచూపు పోయి ఉండవచ్చునని ఈ పరీక్షతో వైద్యులకు తెలిసివచ్చింది.

నీటికాసుల వ్యాధికి శస్త్రచికిత్స

గ్రేఫె పేరు శాశ్వతంగా నిలిపినది నీటికాసుల వ్యాధికి కనుగొన్న చికిత్స. ఈ వ్యాధి తీవ్రరూపంలో వచ్చినప్పుడు కన్ను ఎర్రబడి భరింపరాని నొప్పి పుడుతుంది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. తలనొప్పి, వాంతులు తోడవుతాయి. కొద్దిరోజులలోనే చూపు పూర్తిగా పోవచ్చు. తరచు రెండవ కంటికి కూడా అదే గతి పడుతుంది. ఇటువంటి కన్ను వేలితో నొక్కి చూస్తే రాయిలా గట్టిగా ఉంటుందని గ్లాస్గో వైద్యుడు విలియం మెకంజీ 1830లోనే తన గ్రంథంలో వ్రాశాడు. చికిత్స మాత్రం లేదు. జలగలు పట్టించడం, రక్తం తీయడం, పాదరసపు మందులు ఇవ్వడం వంటివి చేసేవారు. అవేవీ పనిచేసేవి కావు.

నేత్రదర్శినితో ఈ రోగులను పరీక్షించిన గ్రేఫెకు నేత్రనాడి మొదలు ఆకారం మారి కనిపించింది. అది ఉబ్బి పైకి లేచి ఉన్నదని ఆయన మొదట ప్రకటించాడు. వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ కూడా అలాగే భావించాడు. అది పొరపాటు. ఆనాటి పరికరంతో ఒంటికంటితో చూడవలసి రావడంవల్ల గుంట దిబ్బలాగా భ్రమ గొలిపింది. తన సహచరుడు అడాల్ఫ్ వెబర్ పరిశీలనల తోడ్పాటుతో గ్రేఫె తప్పును గ్రహించాడు. నాడి మొదలు ఉబ్బలేదు, లోపలి ఒత్తిడికి వెనక్కు నెట్టబడి గుంటపడింది. ఆయన ఏ పత్రికలో తప్పు వ్రాశాడో ఆ పత్రికలోనే దానిని సవరించుకున్నాడు. అప్పటికే పేరు సంపాదించిన ఇరవై ఏడేళ్ల వైద్యుడు ఇంత తొందరగా తన మాటను తానే కొట్టివేయడం సామాన్యం కాదు. ఆ సవరణే అసలు దారి చూపింది. నాడి గుంటపడడం, కన్ను గట్టిపడడం, చూపు తగ్గడం, మూడింటికీ మూలం కంటిలోపలి పీడనం పెరగడమే అని స్పష్టమైంది. అంటే పీడనం తగ్గించగలిగితే చూపు నిలవాలి.

మొదట ఆయన కార్నియాకు చిన్న గాటు పెట్టి లోపలి ద్రవాన్ని బయటికి వదిలి చూశాడు. పీడనం తగ్గేది, చూపు తేరుకునేది, కొద్దిరోజులకు మళ్లీ మొదటికి వచ్చేది. మరోవైపు, వేరే కంటివ్యాధులలో తాను చేస్తుండిన ఒక శస్త్రచికిత్స ఆయన దృష్టిని ఆకర్షించింది. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర (ఐరిస్)లో కొంతభాగం కత్తిరించి తీసివేయడమే అది. దీనిని ఐరిడెక్టమీ అంటారు. అలా చేసిన కళ్లు తరువాత మెత్తబడుతున్నాయని ఆయన గమనించాడు. 1856లో తీవ్రమైన నీటికాసులు గల రోగులకు ఆ శస్త్రచికిత్స చేయడం ఆరంభించాడు. నొప్పి తగ్గింది, కన్ను మెత్తబడింది, పోబోయిన చూపు నిలిచింది. తొందరపడి ప్రకటించక, ఫలితం స్థిరంగా ఉన్నదో లేదో చూడడానికి కొంతకాలం వేచి ఉన్నాడు. 1857లో తన పత్రికలో వివరంగా వ్యాసం వ్రాశాడు. అదే సంవత్సరం బ్రస్సెల్స్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ నేత్రవైద్య సమావేశంలో దానిని వైద్యలోకం ఎదుట ఉంచాడు. లండన్‌లో బౌమన్, క్రిచెట్‌లు వెంటనే అనుసరించారు. వ్యతిరేకించినవారు కూడా లేకపోలేదు. బాగున్న ఐరిస్‌ను కోసి పారవేయడమేమిటని కొందరి ఆక్షేపణ. కాని నిన్నటిదాకా గుడ్డివారు కావలసిన రోగులు చూపుతో ఇంటికి వెళ్తున్నారు గనుక ఆ వాదం ఎక్కువకాలం నిలవలేదు.

ఈ చికిత్స ఎందుకు పనిచేస్తున్నదో గ్రేఫెకు సరిగా తెలియదు. కంటిలో ద్రవం ఊరడం తగ్గుతున్నదని ఆయన అనుకున్నాడు. అసలు కారణం ఇరవయ్యో శతాబ్దంలోగాని తేలలేదు. ఈ రకమైన వ్యాధిలో ఐరిస్ వెనుకనుండి ముందుకు రావలసిన ద్రవానికి పాప దగ్గర అడ్డు ఏర్పడుతుంది. వెనుక చేరిన ద్రవం ఐరిస్‌ను ముందుకు నెట్టి, బయటికి పోయే దారిని మూసివేస్తుంది. ఐరిస్‌లో రంధ్రం ఉంటే ద్రవానికి పక్కదారి దొరుకుతుంది. నేడు అదే రంధ్రాన్ని కత్తి లేకుండా లేజరు కిరణంతో నిమిషాలలో చేస్తున్నారు. దారి మూసుకుపోయే ఈ రకం నీటికాసులు ఐరోపా వారికంటే ఆసియా ప్రజలలో ఎక్కువ గనుక, గ్రేఫె చికిత్స వలన మేలు పొందినవారిలో మనవంటి దేశాలవారే అధికమని చెప్పవచ్చు.

నొప్పి లేకుండా మెల్లమెల్లగా చూపును హరించే దీర్ఘకాలిక నీటికాసులలో తన పద్ధతి అంతగా ఫలించడం లేదని గ్రేఫె స్వయంగా ఒప్పుకున్నాడు. అంతేకాదు, అరుదుగా శస్త్రచికిత్స తరువాత పీడనం తగ్గడానికి బదులు ఇంకా విషమించి కన్ను పోయిన సందర్భాలను కూడా 1869లో ప్రత్యేకంగా వర్ణించి ప్రకటించాడు. ఆ స్థితికి ఆయన పెట్టిన దుష్ట గ్లాకోమా అనే పేరే నేటికీ వాడుకలో ఉంది. దీర్ఘకాలిక రకానికి తగిన శస్త్రచికిత్స కోసం జరిగిన ప్రయత్నాలలో ముఖ్యమైనది ఒకటి మద్రాసులో జరిగింది. అక్కడి ప్రభుత్వ కంటి ఆసుపత్రి అధిపతి రాబర్ట్ హెన్రీ ఇలియట్ 1909లో కంటి తెల్లగుడ్డు అంచున గుండ్రని చిన్న రంధ్రం చేసి ద్రవాన్ని బయటి పొర కిందికి మళ్లించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. తెలుగు జిల్లాలలో ఎక్కువభాగం అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేవి.

శుక్లాల శస్త్రచికిత్స

శుక్లం పట్టిన కటకాన్ని సూదితో కంటిలోకే వెనక్కు నెట్టివేసే పద్ధతి సుశ్రుత సంహితలో వర్ణించబడింది. ఐరోపాలోనూ శతాబ్దాలపాటు అదే పద్ధతి ఉండేది. కటకాన్ని కంటిలో విడిచిపెట్టక, కోసి బయటికి తీసే విధానాన్ని ఫ్రెంచి వైద్యుడు జాక్ డావియెల్ పద్దెనిమిదవ శతాబ్దం మధ్యలో ప్రవేశపెట్టాడు. ఇందులో కార్నియాను దాదాపు సగం చుట్టూ కోసి రెక్కలాగా ఎత్తవలసి ఉంటుంది. కుట్లు వేసే ఆచారం లేదు. గాయం నోరు తెరుచుకొని చీము పట్టి, బాగా జరిగిన శస్త్రచికిత్స కూడా కన్ను పోవడంతో ముగిసేది. సూక్ష్మక్రిములను గురించి అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. కంటిని మొద్దుబార్చే కొకెయిన్ చుక్కలు 1884లోగాని రాలేదు. కదలకుండా ఉండడమే రోగి చేయగలిగిన సహాయం.

1860 దశకం మధ్యలో గ్రేఫె ఈ కోతను మార్చాడు. అతి సన్నని, నిటారైన కత్తిని తయారుచేయించి, దానిని కార్నియా అంచున ఒక పక్కనుండి దూర్చి రెండవ పక్కకు తీసి, పైభాగంలో చిన్న కోత పెట్టేవాడు. ఐరిస్‌లో కొంత తీసివేసి కటకాన్ని ఆ దారిన బయటికి రప్పించేవాడు. గాయం పెదవులు దగ్గరగా కలిసి ఉండడంవల్ల త్వరగా మానేది. చీముపట్టి పోయే కళ్ల సంఖ్య చెప్పుకోదగినంత తగ్గింది. ఈ పద్ధతికీ లోపాలున్నాయి. కోత మరీ అంచుకు ఉండడంచేత కంటిలోని జిగురు ద్రవం బయటికి వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆయన తరువాతి తరం, క్రిమిరహిత విధానాలు వచ్చాక, తిరిగి డావియెల్ కోతకు దగ్గరగా వెళ్లింది. కత్తిని మాత్రం వదలలేదు. గ్రేఫె కత్తి పేరుతో అది దాదాపు నూరేళ్లు ప్రపంచమంతటా, మన దేశంలోని కంటి ఆసుపత్రులలో సైతం, శుక్లాల శస్త్రచికిత్సకు ముఖ్యసాధనంగా ఉండింది.

కంటిలో కనిపించిన ఇతర వ్యాధులు

కంటిలోపల కనిపించే మార్పులు దేహంలో వేరెక్కడో ఉన్న వ్యాధికి ఆనవాళ్లు కావచ్చునని గ్రేఫె నిరూపించాడు. ఒక గుండెజబ్బు రోగికి హఠాత్తుగా ఒక కంటిచూపు పోయింది. నేత్రదర్శినితో చూడగా రెటీనా పాలిపోయి, ధమనులు సన్నని దారాల్లా ఉన్నాయి. గుండెనుండి బయలుదేరిన రక్తపు గడ్డ రెటీనా ధమనిలో అడ్డుపడిందని 1859లో గ్రేఫె నిర్ణయించాడు. రక్తంలో కొట్టుకువచ్చే గడ్డలు నాళాలను మూసివేస్తాయన్న విషయాన్ని విర్చో ప్రతిపాదించి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఆ రోగి మరణించిన తరువాత కంటిని పరీక్షించగా గ్రేఫె చెప్పినది నిజమని తేలింది.

1860లో మెదడులో కణితి ఉన్న రోగులలో నేత్రనాడి మొదలు ఉబ్బి ఉండడాన్ని వర్ణించాడు. నీటికాసులలో లేని ఉబ్బును చూసినట్లు భ్రమపడినవాడే ఇక్కడ నిజమైన ఉబ్బును గుర్తించడం గమనించదగినది. నేటికీ విడవని తలనొప్పితో వచ్చిన రోగి కంటి అడుగును వైద్యులు పరీక్షించడానికి మూలం ఈ పరిశీలనే. గళగ్రంథి (థైరాయిడ్) వ్యాధిలో రోగి కిందికి చూసినప్పుడు పైరెప్ప కనుగుడ్డుతోపాటు దిగక వెనుకబడుతుందని 1864లో చెప్పాడు. వైద్యవిద్యార్థులు దీనిని గ్రేఫె చిహ్నం అని చదువుకుంటారు. థియోడార్ లేబర్‌తో కలిసి 1868లో కంటిలోపలి పొరలో కనిపించే క్షయ గడ్డలను వర్ణించాడు. అప్పటికి ఆయన ఊపిరితిత్తులలో అదే వ్యాధి ముదురుతున్నది.

విశ్వవిద్యాలయంలో

ఇంత కీర్తి వచ్చినా బెర్లిన్ విశ్వవిద్యాలయం ఆయనను త్వరగా ఆదరించలేదు. 1850ల ఆరంభంలో ఉపన్యాసకుడిగా చేరిన గ్రేఫెకు పూర్తి ఆచార్య పదవి 1866లోగాని లభించలేదు. ప్రభుత్వ ఆసుపత్రి షారిటేలో కంటివిభాగం వృద్ధ శస్త్రవైద్యుడు యుంగ్‌కెన్ అధీనంలో ఉండేది. ఆయన పాత పద్ధతులు విడువలేదు. ప్రపంచం నలుమూలలనుండి వైద్యులు వచ్చి నేర్చుకునేది గ్రేఫె సొంత వైద్యశాలలో, విశ్వవిద్యాలయ విద్యార్థులు పాఠాలు వినేది షారిటేలో. ఈ విడ్డూరం చాలా ఏళ్లు సాగింది. 1868లో యుంగ్‌కెన్ విరమించాక ఆ విభాగం గ్రేఫె చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు మిగిలినది రెండేళ్ల ఆయుష్షు. కంటివైద్యానికి విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక పీఠం, వైద్యపట్టా పరీక్షలో ప్రత్యేక స్థానం ఉండాలని ఆయన గట్టిగా వాదించాడు.

పదవులకంటె ముందే ఆయన ఏర్పరచుకున్న మిత్రబృందం బలమైనది. 1857లో హైడల్‌బర్గ్‌లో కొందరు మిత్రులతో జరిపిన సమావేశం ఏటేటా కొనసాగి 1863లో నియమబద్ధమైన సంఘంగా రూపొందింది. అదే నేటి జర్మన్ నేత్రవైద్య సంఘం. ప్రపంచంలోని నేత్రవైద్య సంఘాలన్నిటిలో ప్రాచీనమైనది.

శిష్యులు

గ్రేఫె వద్ద పనిచేసినవారు ఐరోపా, అమెరికాలలోని పలు విశ్వవిద్యాలయాలలో ఆచార్యులయ్యారు. రెటీనా వ్యాధుల పరిశోధకుడైన థియోడార్ లేబర్, జ్యూరిచ్‌కు చెందిన హార్నర్, న్యూయార్క్‌లో కంటి ఆసుపత్రి స్థాపించిన హెర్మన్ నాప్, నేత్రదర్శినితో కనిపించే దృశ్యాలను చిత్రాల పుస్తకంగా ప్రకటించిన లీబ్రైఖ్ వీరిలో కొందరు.

చివరి సంవత్సరాలలో సహాయకుడిగా ఉన్న యూలియస్ హిర్ష్‌బర్గ్ తరువాత నేత్రవైద్య చరిత్రను అనేక సంపుటాలలో వ్రాశాడు. భారతదేశం కూడా సందర్శించాడు. సుశ్రుతుని శుక్ల చికిత్సను గురించి ఐరోపా పాఠకులకు సవిస్తరంగా తెలియజేసినవారిలో ఆయన ముఖ్యుడు.

ఇక్కడ ఒక పొరపాటును సవరించవలసి ఉంది. గ్రేఫె-సేమిష్ పేరుతో ప్రసిద్ధమైన నేత్రవైద్య మహాగ్రంథాన్ని చాలామంది ఆల్బ్రెక్ట్ రచనగా భావిస్తారు. దాని సంపాదకుడు ఆల్ఫ్రెడ్ గ్రేఫె. ఈయన ఆల్బ్రెక్ట్‌కు పినతండ్రి వరుస కుటుంబానికి చెందిన సోదరుడు, శిష్యుడు, హాలె నగరంలో ఆచార్యుడు. ఆ గ్రంథం వెలువడడం 1874లో, అంటే ఆల్బ్రెక్ట్ మరణించిన నాలుగేళ్లకు, మొదలైంది.

వ్యక్తిగత జీవితం, మరణం

గ్రేఫె దేహదారుఢ్యం మొదటినుండీ అంతంతమాత్రమే. 1861లో ఊపిరితిత్తుల పొర వాచి తీవ్రంగా జబ్బుపడ్డాడు. కోలుకున్నా పూర్తి ఆరోగ్యం తిరిగి రాలేదు. 1862లో డెన్మార్క్ ప్రభువంశానికి చెందిన అన్నా క్నుత్‌ను వివాహమాడాడు. వీరికి ఐదుగురు సంతానం. భార్యకు కూడా క్షయవ్యాధి సోకింది.

విశ్రాంతి తీసుకొమ్మని మిత్రులు ఎంత చెప్పినా ఆయన పని తగ్గించుకోలేదు. శుక్లాల శస్త్రచికిత్సపై అత్యంత ముఖ్యమైన కృషి, షారిటే బాధ్యత, దుష్ట గ్లాకోమాపై పరిశీలన, అన్నీ ఈ జబ్బు కాలానికి చెందినవే. క్షయకు కారణమైన క్రిమిని అదే బెర్లిన్ నగరంలో రాబర్ట్ కోఖ్ ప్రకటించినది 1882లో. గ్రేఫె కాలంలో ఆ వ్యాధికి మందు లేదు, కారణం కూడా తెలియదు.

1870 జూలై 19న ఫ్రాన్స్ ప్రష్యామీద యుద్ధం ప్రకటించింది. మరునాడు, జూలై 20న, గ్రేఫె బెర్లిన్‌లో కన్నుమూశాడు. యువకుడిగా తాను కంటివైద్యం నేర్చుకున్న పారిస్ నగరాన్ని ప్రష్యా సేనలు ముట్టడించడం ఆయన చూడలేదు. భార్య అన్నా కూడా క్షయతోనే 1872లో మరణించింది.

స్మారకాలు

బెర్లిన్‌లో షారిటే ఆసుపత్రి మూలన, లూయిజెన్‌స్ట్రాసె వీధిలో, 1882లో గ్రేఫె స్మారకాన్ని ఆవిష్కరించారు. శిల్పి రుడాల్ఫ్ జీమరింగ్. ఆ నగరంలో ఒక వైద్యునికి బహిరంగస్థలంలో నిలిపిన తొలి విగ్రహంగా దీనిని పేర్కొంటారు. గ్రేఫె చేతిలో నేత్రదర్శిని ఉంటుంది. విగ్రహానికి రెండు పక్కలా రంగుల పలకలపై రోగుల బొమ్మలున్నాయి. ఒక పక్క తడుముకుంటూ, ఇతరుల ఆసరాతో వైద్యుని వద్దకు వస్తున్నవారు. రెండవ పక్క చూపు తెచ్చుకొని తిరిగి వెళ్తున్నవారు.

జర్మన్ నేత్రవైద్య సంఘం గ్రేఫె పేరిట ఒక పతకాన్ని నెలకొల్పింది. దీనిని బహు అరుదుగా ఇస్తారు. మొదటి పతకాన్ని 1886లో నేత్రదర్శిని సృష్టికర్త హెల్మ్‌హోల్ట్జ్‌కు బహూకరించారు.